మంటకు చాటు

బడాపహాడ్ దర్గాకు కందూరు మొక్కు వంట చెయ్యడానికి పోయినప్పుడల్లా అమ్మ పొయ్యికి గాలి వచ్చే దిక్కున ఒక రేకుముక్క నిలబెట్టేది. మూడు రాళ్లు, నాలుగు పుల్లలు, ఆ రేకు. మా వర్ని చుట్టుపక్కల ఎవరికైనా తెలిసిన పనే. చెరకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు వరుస కట్టిన రోజుల్లో బండివాళ్లూ వంతు వచ్చేదాకా రోడ్డు పక్కనే వండుకునేవారు. బండి చాటే పొయ్యికి చాటు. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పొయ్యిలూ ఆరిపోయాయి.

పోయినేడు అమెరికా నుంచి వచ్చిన పక్కింటి అబ్బాయి స్పిరిట్‌తో వెలిగే పిడికెడు స్టవ్వొకటి నాకిచ్చి పోయాడు. దాని చుట్టూ పలుచని అల్యూమినియం రేకు, గోపురంలా. గాలిని ఆపేదీ అదే, గిన్నెను మోసేదీ అదే. గిన్నె అంచు రేకు పైఅంచు మీద కూర్చుంటుంది. పేటెంటు ఉన్న వస్తువని దాని కాగితంలో రాసి ఉంది. చిక్కేమిటంటే, అది వాళ్ల గిన్నె కొలతకు చేసింది. మన గిన్నె అందులో నిలవదు.

నా గిన్నెకు నేనే చేసుకుందామనుకున్నాను. మేకు పాతి, దారం కట్టి, అట్టమీద రెండు వంపులు గీశాను. ఆ అట్ట ప్రకారం రేకు కత్తిరించి, కొసలు ఒకదానిలో ఒకటి మడిచి బిగించాను. మొదటిసారి అడుగున బెజ్జాలు పెట్టలేదు. మంట పసుపుపచ్చబడి, గిన్నె నిండా మసి. బోధన్‌లో రేకుల పని చేసే మేస్త్రీకి చూపిస్తే, "గాలి రావద్దంటిరి, మరి మంటకు ఊపిరెట్లాడాలె సారూ?" అన్నాడు. కింద వరుసగా పన్నెండు బెజ్జాలు, గిన్నెకూ రేకుకూ నడుమ వేలెడు సందు. అప్పుడు నీళ్లు కాగాయి.

ఆ ఉత్సాహంలో ఇంకో తప్పు చేశాను. ఐదు కిలోల సిలిండర్ మీద బిగించే బర్నర్‌కూ నూనె డబ్బా రేకుతో అలాగే చుట్టూ కట్టాను. కాసేపటికి సిలిండర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. గుండె ఝల్లుమంది. వెంటనే ఆపేశాను. మంట వేడి తిరిగి గ్యాస్ మీదికి దిగితే సిలిండర్ పేలవచ్చు. గ్యాస్ స్టవ్వుకు చుట్టూ రేకు కట్టకండి. గాలి వైపు ఒక్క పక్కే, అదీ సిలిండర్‌ను మూయకుండా.

మా టీ బండి తమ్ముడు ఆ గోపురం చూసి, "అన్నా, ఓ పది చేసియ్యి, బడాపహాడ్ కాడ అమ్ముత" అన్నాడు. నేను చెయ్యనన్నాను. చట్టం చూసుకునే అన్నాను. 1970 నాటి మన పేటెంట్ల చట్టం 48వ సెక్షన్ ప్రకారం, పేటెంటుదారు అనుమతి లేకుండా ఆ వస్తువును అమ్మడమే కాదు, చెయ్యడమూ వాడడమూ కూడదు. సొంతానికి, వ్యాపారం లేకుండా చేసుకుంటే తప్పు కాదన్న మాట బ్రిటన్ 1977 చట్టంలో ఉంది, మన చట్టంలో అలా రాసి లేదు. ప్రయోగానికీ పరిశోధనకూ నేర్పడానికీ మాత్రం 47వ సెక్షన్ దారి వదిలింది. అయితే ఏ దేశపు పేటెంటు ఆ దేశానికే. అమెరికాలో తీసుకున్నది ఇక్కడ చెల్లాలంటే ఇక్కడా తీసుకోవాలి. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 20 ఏళ్లు దాటితే అది అందరిదీ.

అమెరికా పేటెంటు వర్నిలో చెల్లకపోయినా నేను అమ్మకానికి చెయ్యను. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గుర్తొస్తాడు. పోచంపల్లి చీర నేతకు నూలు ఆసు పోస్తూ వేలసార్లు చెయ్యి ఆడించే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం చేశాడు. దానికి పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ కూడా. దాన్ని ఎవడో చూసి చేసి సంతలో అమ్ముకుంటే ఆ ఏడేళ్ల కష్టం ఏమైనట్టు? పన్నెండు బెజ్జాలు ఎక్కడ పొడవాలో తెలియక రెండు రేకులు పాడుచేసుకున్నవాణ్ణి నేను. గిన్నెను మోసే ఆ గోపురం ఎవరి బుర్రలోంచో వచ్చింది. నా గిన్నెకు ఒకటి చేసి చూసుకున్నాను, అంతవరకే.

కానీ గాలికి అడ్డం నిలబెట్టే రేకు ఎవరి సొత్తూ కాదు. అది అమ్మ చేసిన పనే. తమ్ముడి బండికి నూనె డబ్బాతో ఒక సగం వంపు కోసి, చెయ్యి తెగకుండా అంచులు మడిచి ఇచ్చాను. మొన్న ఈదురుగాలిలో వెళ్తే, దాని వెనక టీ పొంగుతోంది.