‘ఆఖరి పువ్వు’ను ఎట్లా చదవాలి?

ఇటీవల బి.ఎ. విద్యార్థులకు జేమ్స్ థర్బర్ ‘ఆఖరి పువ్వు’ బొమ్మలు చూపిస్తూ కథను తెలుగులో చెప్పాను. 1939 సెప్టెంబరులో యూరపులో యుద్ధం మొదలయింది. ఆ సంవత్సరం చివరనే యీ పుస్తకం అమెరికాలో వెలువడింది. బొమ్మలూ, వాటి కింద ఒకటి రెండు వాక్యాలూ. పిల్లల పుస్తకంలా కనిపిస్తుంది గాని, పెద్దల కోసం వ్రాసినది.

పన్నెండవ ప్రపంచయుద్ధం నాగరికతను తుడిచిపెడుతుంది. కుక్కలు సైతం మనుషులను విడిచిపోతాయి. మిగిలిన ఒకే ఒక్క పువ్వు చచ్చిపోతున్నదని ఒక అమ్మాయి అందరికీ చెబుతుంది. ఒక్క కుర్రవాడు తప్ప ఎవరూ వినరు. ఇద్దరూ దాన్ని బతికిస్తారు. ప్రేమ, ఇళ్ళు, ఊళ్ళు, పాట తిరిగి వస్తాయి. వాటి వెనకే సైనికులు, సేనానులు, ‘విమోచకులు’ వస్తారు. లోయవారు కొండనూ, కొండవారు లోయనూ కోరుకుంటారు. ఆ అసంతృప్తికి విమోచకులు నిప్పు పెడతారు. ఈసారి మిగిలేది ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక పువ్వు.

తరగతి రెండుగా చీలింది. “పువ్వు మిగిలింది కదా మాస్టారూ, ఇది ఆశే” అన్నది ఒక విద్యార్థిని. “మళ్ళీ కాల్చడానికేగా పెంచేది! ఇక ఉద్యమాలెందుకండీ?” అన్నాడు ఒక విద్యార్థి. విమోచకులను వెక్కిరించే రచన మనకెందుకని సహాధ్యాపకుడొకరు కోపగించారు.

ఆ కోపం సరికాదు. సుడెటెన్ జర్మనులకు విముక్తి కావాలని 1938లో గగ్గోలుపెట్టిన హిట్లర్, 1939 మార్చిలో ప్రాగ్‌ను ఆక్రమించాడు. విమోచకుడినన్న ప్రతివాడినీ నమ్మవద్దనడం అభ్యుదయానికి ద్రోహం కాదు.

లోపం వేరేచోట వున్నది. ఈ కథలో ఆయుధాలు అమ్మి లాభపడేవాడు లేడు. లోయవారి అసంతృప్తి భూమి కోసమా, కూలి కోసమా అన్న ప్రశ్న లేదు. అందువల్ల యుద్ధం రుతువులాగా తిరిగి వచ్చేదిగా తోస్తుంది. నా విద్యార్థిని కుంగదీసింది చివరి బొమ్మ కాదు. కారణం చెప్పని కథనం. కారణం తెలియని కీడు విధిలాగే కనిపిస్తుంది.

అయినా యీ పుస్తకాన్ని నేను మళ్ళీ చెబుతాను. ఉద్యమాలెందుకన్న ప్రశ్నకు జవాబు అందులోనే వున్నది. పువ్వు చచ్చిపోతున్నదని ఆ అమ్మాయి అందరికీ చెప్పింది, విన్నవాడు ఒక్కడే. మిగిలినవారు వినేటట్లు చేయడమే ఉద్యమం పని.