జడ్డిగం పట్టిన చెయ్యి

మా జేజినాయన తొంభై ఏళ్లు దాటి బతికాడు. అనంతపురం జిల్లాలో వానను నమ్ముకుని అన్నాళ్లు సేద్యం చేయడమే ఒక విద్య. ఆయన గొర్రు తోలితే సాలు దారం పట్టి గీసినట్టుండేది. అయితే అసలు పనితనం వెనక నడిచే జేజిది. కొర్ర గింజ ఎంతని! ఎకరాకు 2 కిలోలు చాలు. గుప్పిట పట్టి వేళ్ల సందునుంచి గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి జారవిడవాలి. అక్కడినుంచి వెదురు గొట్టాల్లో దిగి సాళ్లలో పడతాయి. చెయ్యి తొందరపడితే ఒకేచోట గుంపుగా మొలుస్తాయి, ఏమరితే సాలు బోసిపోతుంది. ఎద్దుల నడకను ఆ వేళ్లు వినాలి.

"మెల్లగా తోలు, పెళ్లికి పోతాండామా?" అని జేజి అరిచేది. ఆయన కిమ్మనకుండా పగ్గం బిగించేవాడు. ఇంట్లో మాత్రం ఆయనదే పైమాట.

సోమవారం బసవన్న రోజని కాడి ఎత్తేవాడు కాదు. పదును ఆరిపోతోందని కొడుకులు గొణిగినా వినలేదు. నాకది ఇప్పటికీ మొండితనంగానే తోస్తుంది. ఎద్దులకు మాత్రం వారానికి అదొక్కటే సెలవు. ఏరువాక పున్నమికి కొమ్ములకు రంగులు పూసి, వాటికి పొంగలి తినిపించాకే తాను తినేవాడు.

జేజి పోయిన ఏడాది నుంచి ఆయన గొర్రు ముట్టలేదు. ఇప్పుడు చేనికి ట్రాక్టరొస్తుంది. గొర్రు కొట్టంలో దూలానికి వేలాడుతోంది. జడ్డిగం అంచు ఒకవైపు నున్నగా అరిగివుంది, జేజి చెయ్యి ఆనించిన వైపు.