ఆయన ఊళ్ళో లేరండీ!

నా పాత నవల రెండో ముద్రణకు ప్రూఫులు దిద్దుతున్నాను. మా అమ్మాయి తొంగి చూసి, "అమ్మా, 'ఔట్ ఆఫ్ స్టేషన్' ఏమిటి? ఇంగ్లీషువాళ్ళు 'ఔట్ ఆఫ్ టౌన్' అంటారు. మార్చెయ్" అంది.

కొట్టెయ్యబోయాను. చెయ్యాడలేదు.

దొరల కాలంలో ఉద్యోగి పనిచేసే చోటుకే స్టేషన్ అని పేరు. రైలుతో దానికి సంబంధం లేదు. అది దాటి వెళితే 'ఔట్ ఆఫ్ స్టేషన్'. దొరలు పోయినా మాట మన సెలవు చీటీల్లో మిగిలింది. మన ఆఫీసులో అది తప్పు కాదు. లండన్ స్నేహితురాలికి ఉత్తరం రాస్తే మాత్రం 'ఔట్ ఆఫ్ టౌన్' అనే రాయాలి.

కథలో కొలత ఇంకా వేరు. 'కన్యాశుల్కం'లో గిరీశం ఇంగ్లీషు డాబును గురజాడవారు సాపుచేసి ఉంటే, ఆ మనిషి మనకు దొరికేవాడా?

నా నవలలో గుమాస్తా భార్య అప్పులవాడికి తలుపు ఓరగా తీసి ఆ మాట చెబుతుంది. తలుపు వెనకే మొగుడుంటాడు. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు ఆ ఒక్క ముక్కే, అదీ ఆయన నేర్పిన అబద్ధం. దాన్ని దిద్దితే ఆవిడ నోట నా డిగ్రీ వినబడుతుంది. మీరే చెప్పండి, ఏది తప్పు?

ఆ మాటను అలాగే వదిలేశాను.