జావా జెనరిక్స్: చెరిగిపోయే చీటీ

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని తెలుగు ఇళ్ళ పిల్లలకు నింపురా యార్డు గూడ్సు బండ్లు కొత్త కావు. మిగిలినవారు ఒక వ్యాగనునూ, దానిమీద 'సిమెంటు మాత్రమే' అన్న చీటీనీ ఊహించుకోండి. వ్యాగను ఏ సరుకుకైనా ఒకటే. ఏది ఎక్కించాలో చీటీ చెబుతుంది. జావా భాషలో టైపు పారామీటరు పని ఇదే. 'అర్రేలిస్ట్' క్లాసు ఒక్కటే. కోణపు బ్రాకెట్లలో 'ఇంటీజర్' అనో 'స్ట్రింగ్' అనో రాస్తే చాలు, తప్పు సరుకును కంపైలరు ఆపేస్తుంది.

2004లో జావా 5తో వచ్చిన ఈ సదుపాయాన్ని పాఠ్యపుస్తకాలు 'టైపు భద్రత' అని మెచ్చుకుంటాయి. న్యాయమే. అంతకుముందు లిస్టులోంచి తీసిన ప్రతి వస్తువు టైపునూ ప్రోగ్రామరే చెప్పవలసి వచ్చేది. కాని ఇది సగం కథే. తనిఖీ ముగియగానే కంపైలరు ఆ చీటీని చెరిపేస్తుంది. దీనినే 'టైప్ ఎరేజర్' అంటారు. ప్రోగ్రాము నడిచేటప్పుడు ఇంటీజర్ల లిస్టుకూ, స్ట్రింగుల లిస్టుకూ తేడా ఉండదు.

దీని ఫలితం చూడండి. ఇంటీజర్ల లిస్టును టైపు పేరు లేని పాత పద్ధతి లిస్టుగా చూపి, అందులో ఒక స్ట్రింగును వేస్తే కంపైలరు హెచ్చరించి ఊరుకుంటుంది. ఎప్పుడో దానిని ఇంటీజరుగా తీయబోయినప్పుడు 'క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్' వస్తుంది. నింపురాలో ఎక్కించిన తప్పు సరుకు విశాఖపట్నంలో దింపేటప్పుడు బయటపడినట్లు! విచిత్రమేమిటంటే, జావాలోని పాత అర్రేకు ఈ లోపం లేదు. స్ట్రింగుల అర్రేలో అంకెను వేయబోతే, వేసే క్షణంలోనే 'అర్రే స్టోర్ ఎక్సెప్షన్' వస్తుంది.

మరి ఇలా ఎందుకు చేశారు? పాత ప్రోగ్రాములు కొత్తవాటితో కలిసి పనిచేయాలి కనుక. 1998లో బ్రాచా, ఓడెర్‌స్కీ, స్టౌటమైర్, వాడ్లర్ ప్రతిపాదించిన 'జీజే' రూపకల్పన ఈ దారే చూపింది. 2005లో సి షార్ప్ 2.0 మరో దారి పట్టింది. ప్రోగ్రాము నడిచేటప్పుడు కూడా చీటీని నిలిపింది. అందుకు మూల్యంగా పాత కలెక్షన్ల పక్కనే కొత్తవాటిని వేరుగా పెట్టవలసి వచ్చింది.

జావా రూపకర్తల నిర్ణయం తప్పు కాదు. దానిని చెప్పకుండా జెనరిక్స్ నేర్పడమే తప్పు. టైపు పారామీటరుతో అర్రేను ఎందుకు సృష్టించలేం? 'ఇంట్'ను నేరుగా ఎందుకు ఇవ్వలేం? ఇవి కంఠస్థం చేయవలసిన నియమాలు కావు, చెరిగిన చీటీ పర్యవసానాలు. కాబట్టి కంపైలరు 'అన్‌చెక్డ్' అని హెచ్చరిస్తే కొట్టిపారేయకండి. సరుకు ఎక్కించే చోట ఆ తనిఖీ మళ్ళీ జరగదు.