న్యూరల్ నెట్‌వర్క్ 'కోలుకోవడం': ఒక పరిశీలన

కన్ను బాగానే ఉన్నా, ఎదుట ఉన్నది గిన్నె అని తెలియని వ్యాధి ఒకటుంది. మెదడు వెనుక భాగం క్షీణించడం దీనికి కారణం. 1988లో ఫ్రాంక్ బెన్సన్ బృందం దీనికి పోస్టీరియర్ కార్టికల్ అట్రోఫీ అని పేరు పెట్టింది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో దీన్ని కంప్యూటర్‌లో అనుకరించారు. బొమ్మలను గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్‌లోని సంధానాలను కొద్దికొద్దిగా తెంచుతూ పోతే గుర్తింపు శక్తి తగ్గుతూ వచ్చింది. తెంచిన ప్రతిసారీ మళ్ళీ శిక్షణ ఇస్తే క్షీణత నెమ్మదించిందని వారి తర్వాతి పరిశోధన చూపింది.

మనిషిపై చేయరాని ప్రయోగమిది. దాని విలువ అక్కడే ఉంది. కానీ దీన్ని 'కోలుకోవడం' అనవచ్చునా? మీ జవాబుల్లో 'పునశ్శిక్షణ' అనే రాయండి. ఆ శిక్షణలో ప్రతి బొమ్మకూ సరైన జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. నెట్‌వర్క్ జవాబులో తప్పెంతో లెక్కగట్టి, దాన్ని పొర తర్వాత పొరకు వెనక్కి పంపి, సంధానాల భారాలను సవరిస్తారు. రోగికి ప్రతి చూపుకూ జవాబు చెప్పేదెవరు? పైగా ఇక్కడ సంధానాలను యాదృచ్ఛికంగా తెంచారు. వ్యాధి అలా రాదు, ఒకచోట మొదలై దానితో ముడిపడిన ప్రాంతాలకు పాకుతుంది. ఈ రెండో లోపాన్ని ప్రోగ్రాం మార్చి సరిదిద్దవచ్చు. మొదటిది అంత తేలిక కాదు.