సండే స్కూల్ టీచరమ్మ

ఆదివారం ప్రసంగం బాగుందని పాస్టరుగారితో చెప్పేవాళ్లు ఎందరో. నా ఓటు మాత్రం సండే స్కూల్ టీచరుకే. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు వశిష్ఠ గోదావరి పాయ అవతల నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్‌ను నాటారు. ఇవాళ ఇవతల రాజోలు, అమలాపురం వైపు మందిరాల్లో పిల్లల బోధన బరువు మోసేది ఈ టీచరమ్మే.

దావీదు, గొల్యాతు కథే తీసుకోండి. బిగినర్స్‌కి వడిసెల తిప్పే అభినయం, పాట. ప్రైమరీకి పాత క్యాలెండరు వెనక స్కెచ్ పెన్నుతో వేసిన బొమ్మ. జూనియర్లకి కంఠత వాక్యం, రిఫరెన్సుతో సహా. ఆ పైవాళ్లలో ఒకడు లేస్తాడు: "ఒక్క రాయికే పడిపోయాడు కదండీ, మరి అయిదెందుకు ఏరాడండీ?" దానికి జవాబు ముందురోజు రాత్రే ఆలోచించి పెట్టుకోవాలి.

తల్లి కువైట్‌లో ఉంటే పిల్లాణ్ని తీసుకొచ్చేది అమ్మమ్మ. ఆవిడా చాప చివర కూర్చుంటుంది. చదువు రాకపోయినా మనవడితోపాటు వాక్యం నోటికొచ్చేస్తుంది. బోర్డు లేదుగానీ అదీ పెద్దల క్లాసే.

అసలు పరీక్ష మే సెలవుల్లో వీబీఎస్, అంటే వెకేషన్ బైబిల్ స్కూల్. చివరిరోజు స్టీలు గిన్నెల బహుమతులు ఎవరూ అలగకుండా పంచడం సొలొమోను తీర్పుకంటే కష్టం.