ఒకే చెరువులో పెరిగితేనే పోలిక

జంషెడ్‌పూర్ సాక్చి బజారులో రోహు చేపకు రెండు పేర్లు: ‘ఆంధ్రా’, ‘లోకల్’. మనం శీలావతి అనే చేపే రెండూ. ఒకటి కొల్లేరు వైపు చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి వచ్చింది, మరొకటి దగ్గరి చెరువులో పెరిగింది. రుచి గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. తేడా నెత్తురులోనే ఉందంటే మాత్రం ఒకటి అడగాలి: అది పుట్టుకతో వచ్చిందా, పెరిగిన నీటి వల్ల వచ్చిందా?

పుట్టుకతో వచ్చే తేడాకు గట్టి సాక్ష్యం బంగారుతీగ చేప. దాని జర్మన్ రకం 1939లో శ్రీలంక నుంచి నీలగిరికి, ఆసియా రకం 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు వచ్చాయి. ఈ చేప పొలుసుల తీరును రెండు జన్యువులు నిర్ణయిస్తాయి. ఒంటినిండా పొలుసులున్నవి, అక్కడక్కడా పెద్ద పొలుసులతో మెరిసేవి ఒక జట్టు. పక్కన ఒక్క వరసే ఉన్నవి, దాదాపు పొలుసే లేని ‘తోలు’ చేపలు రెండో జట్టు. ఈ రెండో జట్టులో ‘ఎన్’ అనే జన్యురూపం ఉంటుంది. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే పిల్ల బతకదు. ఒకవైపు నుంచే వచ్చినా ఎర్రకణాలు, హెమోగ్లోబిన్ తగ్గుతాయని, ఆక్సిజన్ లేమిని చేప సరిగా తట్టుకోలేదని సోవియట్ జన్యుశాస్త్రవేత్త కిర్పిచ్నికోవ్ నమోదు చేశాడు. ఇక్కడ కారణం, ఫలితం రెండూ కళ్లముందే ఉన్నాయి.

శీలావతి దగ్గర లెక్క ఇంత తేట కాదు. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సిఫా, నార్వే శాస్త్రజ్ఞులతో కలిసి 1992లో మేలురకం ఎంపిక మొదలుపెట్టి, వేర్వేరు నదుల చేపలను కలిపి, 1997లో ‘జయంతి’ అనే శీలావతి రకాన్ని విడుదల చేసింది. అది స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల ఏడు కనుక ఆ పేరు. ఎంపికకు కొలమానం పెరుగుదల, నెత్తురు కాదు. తర్వాత ఏరోమోనాస్ అనే బాక్టీరియా తెచ్చే రోగాన్ని తట్టుకునే సంతతిని వేరుచేసినప్పుడు, దాని రక్తరసిలో సెరులోప్లాస్మిన్ అనే రాగి ప్రోటీన్ ఎక్కువగా కనిపించింది. బంగారుతీగలో ఒక్క జన్యువు మీద వేలు పెట్టి చూపగలం. ఇక్కడ దొరికింది ఒక గుర్తు మాత్రమే. అయినా ఈ ప్రయోగానికి ఒక బలం ఉంది: పిల్లలకు గుర్తింపు చిప్పులు పెట్టి ఒకే చెరువులో పెంచారు. నీరు, మేత, ఎండ అన్నిటికీ ఒకటే.

ఆ జాగ్రత్త లేని పోలికను నమ్మలేం. ఎందుకంటే నెత్తురు అంకెలు తేలిగ్గా తప్పుదారి పట్టిస్తాయి. చేప ఎర్రకణంలో కేంద్రకం ఉంటుంది కనుక మనుషుల నెత్తురు లెక్కించే యంత్రం పొరబడుతుంది, సూక్ష్మదర్శిని కింద చేత్తో లెక్కించాలి. వలలో గింజుకున్న చేపకు ఎర్రకణాలు ఉబ్బుతాయి, నెత్తురులో వాటి వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. హెమోగ్లోబిన్ అంతగా పెరగకుండా వాటా ఒక్కటే పెరిగితే అది రకం గొప్ప కాదు, వల బెదురు. మొదట పట్టిన చేప, చివర పట్టిన చేప ఒకే రకమైనా అంకెలు వేరవుతాయి.

అందుకే నా తీర్పు: బంగారుతీగ అంకెల్ని పుట్టుక కింద రాయవచ్చు. జయంతి అంకెల్ని ఒకే చెరువు పోలిక ఉన్నంతవరకే నమ్మాలి. వేర్వేరు చెరువుల అంకెలు పక్కపక్కన పెట్టి రకాల తేడా అనడం, సాక్చి బజారు పేర్లు చూసి వంశం చెప్పడం లాంటిదే. ‘ఆంధ్రా’, ‘లోకల్’ అన్నవి చేప ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి, ఎవరికి పుట్టిందో చెప్పవు.